మూడు లిపులకు ఒకటే బొమ్మ

శ్మశానం. నేలమీద పుర్రెలు. భుజాన శవం, చేత కత్తి, రాజు అడుగు ముందుకు పడుతోంది. మొహంలో భయం లేదు, పట్టిన పట్టు విడవని మొండితనం ఉంది. శవంలోని బేతాళుడు కథ ఎత్తుకోబోతున్నాడు.

ఒకప్పుడు కుప్పం లాంటి ఊళ్లో ఈ బొమ్మ ఉన్న పిల్లల పత్రిక ఒకింట్లో ‘చందమామ’, పక్కింట్లో తమిళ ‘అంబులిమామ’. పుంగనూరు దాటి ముళబాగిలు దారి పడితే అదే బొమ్మ కింద కన్నడం. తెలుగు, తమిళం, కన్నడం ఒకే బజారులో కలగలిసే ఈ సరిహద్దు సీమలో, మూడు లిపుల పిల్లలకూ విక్రమార్కుడి మొహం మాత్రం ఒక్కటే. ఆ మొహం గీసిన మనిషి శంకర్.

పూర్తి పేరు కె.సి. శివశంకరన్. 1924లో తమిళనాడులోని కారత్తొళువు గ్రామంలో పుట్టారు. మద్రాసు చిత్రకళాశాలలో బొమ్మలు నేర్చుకునేనాటికి అక్కడి ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ రాయ్ చౌధురి. ఆయన అవనీంద్రనాథ్ టాగూర్ శిష్యుడు. ఇక్కడ ఈ సీమలోని మదనపల్లెను తలుచుకోక తప్పదు. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడి థియొసాఫికల్ కాలేజీలో అతిథిగా ఉండి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చినప్పుడు, ప్రిన్సిపాల్‌గా ఉన్నది ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్. అవనీంద్రుడి బెంగాల్ చిత్రకళ గొప్పతనాన్ని దక్షిణాదికి విడమరిచి చెప్పిన తొలి రచయితల్లో ఆయనొకరు. మదనపల్లె నుంచి శంకర్ బల్ల దాకా గీత గీస్తే అది తిన్నగా పోదు. అయినా మన పురాణాలను మన రేఖల్లోనే గీసుకోవాలన్న పట్టుదల ఆ కాలపు గాలిలోనే ఉంది.

‘చందమామ’ను పెట్టినవారు నాగిరెడ్డి, చక్రపాణి. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. 1947 జులైలో తెలుగు, తమిళ సంచికలు మద్రాసు నుంచి వెలువడ్డాయి, ఆ వెనకే కన్నడం, హిందీ. 1952లో కొడవటిగంటి కుటుంబరావు సంపాదక బాధ్యత తీసుకున్నారు. శంకర్ చేరిందీ ఆ రోజుల్లోనే. అప్పటికే అక్కడ ‘చిత్ర’ అనే పేరుతో టి.వి. రాఘవన్ ఉన్నారు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లలోని రాక్షసులకూ మాంత్రికులకూ రూపం ఇచ్చింది ఆయనే.

పని జరిగే తీరు చూడండి. కథ ముందు తెలుగులో తయారయ్యేది, తక్కిన భాషలకు అనువాదం అయ్యేది. బొమ్మ మాత్రం అన్నిటికీ ఉమ్మడి. కాబట్టి బొమ్మలో అక్షరం ఉండకూడదు. చెప్పాల్సిందంతా చేతి వేళ్లు, కనుబొమలు, నిలుచున్న తీరు చెప్పాలి. శంకర్ రాజులు, పేదరాశి పెద్దమ్మలు, గుడి గోపురాలు అలా పలికాయి. లిపి రాని పిల్లవాడు కూడా కథ ఎవరిదో, కష్టం ఎవరిదో పోల్చుకోగలడు.

అసలు బేతాళ కథలు పాతికే. అవి అయిపోయాక ‘చందమామ’ కొత్తవి అల్లుకుంటూ దశాబ్దాల పాటు నడిపింది. నెలనెలా కథ మారేది, భుజాన శవంతో నడిచే రాజు మారలేదు.

ఇలా ఒక్క వీరుడితో జీవితమంతా ముడిపడ్డ చిత్రకారుడు ఇటలీలోనూ ఉన్నాడు. ఆరేలియో గాలెప్పీని. ‘చందమామ’ వచ్చిన మరుసటి ఏడాది, 1948 సెప్టెంబర్ 30న, రచయిత బొనెల్లితో కలిసి టెక్స్ విల్లర్ అనే కౌబాయ్‌ని లోకానికి చూపించాడు. చెక్కుబుక్కంత చిన్న పుస్తకాలతో మొదలైంది. 1994లో తాను పోయేదాకా, 400వ సంచిక దాకా, అట్టల మీది బొమ్మలు గాలెప్పీని గీసినవే. కాకపోతే అక్కడ సంభాషణ బొమ్మలోనే, మాటల బుడగల్లో ఉంటుంది. భాష మారితే ప్రతి బుడగా చెరిపి మళ్లీ రాయాలి. శివకాశి నుంచి వచ్చే లయన్ కామిక్స్ వాళ్లు టెక్స్‌తో అలాగే తమిళం మాట్లాడించారు. కుప్పం పొలిమేర దాటితే ఆయనకు అభిమానులు దొరుకుతారు.

శంకర్‌ను కామిక్స్ చిత్రకారుడనడానికి కొందరు ఒప్పుకోరు, బుడగలు లేవు కదా అంటారు. కానీ ఈ ప్రాంతం బుడగల్లేని బొమ్మల కథకు ఎప్పటినుంచో అలవాటుపడింది. చిత్తూరు సీమ పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జునుడు తపసు మాను ఎక్కుతాడు. చివరి రోజున మట్టితో చేసిన దుర్యోధనుడు ఊరి బయట నేలమీద వెల్లకిలా పడుకుని ఉంటాడు, మేడంత మనిషి. అది కళ్లారా చూసిన పిల్లలకు, ‘చందమామ’ అట్టల మీద ఎం.టి.వి. ఆచార్య, ఆయన తర్వాత వడ్డాది పాపయ్య గీసిన భారత ఘట్టాలు తమ ఊరి సంగతిలాగే ఉండేవి.

1998లో పత్రిక ఆగింది, మరుసటి ఏడాది మళ్లీ మొదలైంది. శంకర్ ముసలితనంలోనూ కుంచె వదల్లేదు. 2020 సెప్టెంబర్ 29న కన్నుమూశారు. 2021లో కేంద్రం పద్మశ్రీ ప్రకటించింది. జాబితాలో ఆయన పేరు పక్కన తమిళనాడు అని ఉంది.