తేడా ఒక్కటే పంపితే చాలు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. సామాన్లు సర్దుకోవడానికి ఎంతో కొంత వ్యవధి ఉంటుంది. హార్డ్‌డిస్కుకి అంత మర్యాద తెలియదు. పొద్దున్నే స్విచ్ వేస్తే టిక్కుటిక్కుమంటుంది, అంతే. స్టోరేజీ సర్వరు మొత్తం అలా పోయినా రాత్రి దాకా ఉన్న డేటాను తిరిగి తెచ్చుకోవడానికి ఇప్పుడు స్నాప్‌షాట్లున్నాయి, అంటే ఒక క్షణాన ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో అలాగే పట్టి ఉంచేవి; వాటిని వేరే యంత్రానికి పంపి ఉంచుకుంటే చాలు. కానీ వాటికి ఆద్యులైనవాళ్లు యంత్రం చచ్చిపోతే ఎలా అని మొదలెట్టలేదు. మనుషులు చేజేతులా ఫైళ్లు చెరిపేసుకుంటే ఎలా అన్నదే వాళ్ల తలనొప్పి.

యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లోనే 1980ల చివర్లో ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారైంది. దాని ఫైల్ సర్వరు రోజూ తెల్లవారుజామున 5 గంటలకు, మన గుళ్లలో సుప్రభాతం వేళకి, మారిన బ్లాకులన్నిటికీ (డిస్కు మీది డేటా ముక్కలకు) ‘ఇక వీటి మీద రాయకూడదు’ అని గుర్తు పెట్టేది. తర్వాత తీరిగ్గా వాటిని, ఒకసారి రాస్తే చెరగని ఆప్టికల్ డిస్కుల మీదికి ఎక్కించేది. పాత ఫైలు కావాలంటే ఆ తేదీ పేరున్న డైరెక్టరీలోకి వెళ్లి తెచ్చుకోవడమే. అడ్మిన్‌ని బతిమాలే పని లేదు.

1992లో డేవ్ హిట్జ్, జేమ్స్ లా, మైకేల్ మాల్కమ్ కలిసి నెట్‌వర్క్ అప్లయన్స్ కంపెనీ పెట్టారు. 1994లో వాళ్లు తమ ఫైల్ సిస్టమ్ ‘వాఫల్’ గురించి రాసిన వ్యాసం ఇప్పుడు చదివినా ముచ్చటేస్తుంది. పాత పద్ధతిలో ఫైలు మారిస్తే డిస్కు మీద అదే చోట కొత్తది పడేది. వాఫల్ ఖాళీగా ఉన్న మరోచోట రాస్తుంది. దాంతో ఆ బ్లాకును చూపించే బ్లాకు మారుతుంది, దాన్ని చూపించేదీ మారుతుంది, చివరికి అన్నిటికీ మూలమైన రూట్ ఐనోడ్ మారుతుంది. ఆ ఒక్క ఐనోడ్‌కి నకలు తీసి పెట్టుకుంటే ఆ క్షణాన ఉన్న ఫైల్ సిస్టమంతా చేతిలో ఉన్నట్టే. డేటా కాపీ చేయనక్కర్లేదు, పాత బ్లాకుల జోలికి పోకుంటే చాలు. ఇదే స్నాప్‌షాట్. అప్పట్లో ఇలాంటివి 20 దాకా ఉంచుకోవచ్చు. కరెంటు పోయి వచ్చినప్పుడు డిస్కంతా గాలించే బాధ కూడా ఈ కిటుకుతోనే తప్పింది. ఇన్వర్టర్ బతుకుల వాళ్లం, మనకి ఆ సుఖం వేరే చెప్పాలా!

అయితే ఆ స్నాప్‌షాట్ ఉండేది అదే డిస్కుల మీద. అవి పోతే ఇదీ పోతుంది. స్నాప్‌షాట్ తీశాం కదా, బ్యాకప్ ఎందుకని ధీమాగా ఉండేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజమైన మలుపు, నా లెక్కలో, దాన్ని యంత్రం దాటించడం. అదే కంపెనీ 2002లో వివరించిన స్నాప్‌మిర్రర్ నిన్నటి స్నాప్‌షాట్‌నీ ఇవాళ్టిదాన్నీ పక్కపక్కన పెట్టి, మారిన బ్లాకులే అవతలి సర్వరుకి పంపేది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మరో అడుగు వేసింది. అందులో ప్రతి బ్లాకు చిరునామాతో పాటు అది ఏ విడతలో పుట్టిందో కూడా రాసి ఉంటుంది. కాబట్టి తేడా వెతికేటప్పుడు, బ్లాకుల చెట్టులో నిన్నటి తర్వాత మారని కొమ్మలోకి అసలు దిగనే దిగదు. 2005 అక్టోబరు 31న అది సన్ వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్ మూలకోడ్‌లో చేరింది.

2017 జనవరి 31 రాత్రి ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు వేరే సర్వరనుకుని అసలు సర్వరు మీదే డేటాబేస్ డైరెక్టరీ చెరిపేశాడు. సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. రోజువారీ బ్యాకప్పులు పడటం లేదని అప్పుడు తెలిసింది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు ఇంకేదో పని కోసం తీసి, పరీక్షల సర్వరుకి చేర్చిన స్నాప్‌షాట్ ఒక్కటే గట్టెక్కించింది. వేరే యంత్రం మీద ఉండబట్టి దక్కింది.

భద్రాచలంలో ఒక ఆఫీసు సర్వరు, ఖమ్మంలో దాని జోడీ ఉన్నాయనుకోండి. జోడీని అదే ఊళ్లో పెడితే 2022 జులైలోలా గోదావరి 71 అడుగులు దాటిన రోజున రెండిటికీ ఒకటే గతి. రోజూ అర్ధరాత్రి స్నాప్‌షాట్ తీసి తేడా ఒక్కటే ఖమ్మానికి పంపితే, అడవి అంచు ఊళ్ల సన్నపాటి నెట్ లైనైనా మోస్తుంది. ఇక్కడి యంత్రం పోతే కొత్త డిస్కులు బిగించి, వాటన్నిటినీ కలిపి ఒకే నిల్వగా మళ్లీ కట్టి, ఖమ్మం నుంచి వెనక్కి తెప్పించుకోవాలి. అర్ధరాత్రి తర్వాత చేసిన పని మాత్రం పోయినట్టే. ఇక్కడ ఒక మెలిక ఉంది: తేడా పంపాలంటే రెండు వైపులా ఒకే పాత స్నాప్‌షాట్ ఉండాలి. కొత్త డిస్కుల్లో ఏమీ ఉండదు కాబట్టి ఈసారి మొత్తం రావాల్సిందే. టెరాబైట్లైతే లైను మీద రోజులు పడుతుంది. అంతకంటే ఆ డిస్కులనే ఖమ్మం తీసుకెళ్లి, అక్కడే నింపి, బస్సులో తెచ్చుకోవడం నయం. ఈలోపు పని ఖమ్మం సర్వరు మీద నడిపించినా ఇబ్బంది లేదు. బస్సు దిగాక, ఆలోగా అక్కడ పేరుకున్న తేడాను లైను మీద లాక్కుంటే సరిపోతుంది.