గడియ

విజయనగరం గంటస్తంభం దగ్గర ఎవరిని ఆపినా ‘గడియ తీరిక లేదు’ అంటారు. ఆ గడియకు కచ్చితమైన కొలత ఉంది: 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు.

మాటకు మూలం సంస్కృత ‘ఘటిక’, అంటే చిన్న కుండ. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్లమీద వదిలేవారు. నీరు మెల్లగా ఎక్కి, గడియకు గిన్నె మునిగేది. గంట కొట్టేవారు. మళ్లీ ఎవరో గిన్నె తీసి వదిలేదాకా అది అడుగునే ఉండేది.

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పిల్లలు 555 ఐసీతో కట్టే మోనోస్టేబుల్ సర్క్యూట్ చేసేది అచ్చంగా ఇదే. బటన్ ఒకసారి నొక్కితే అవుట్‌పుట్ పైకి లేస్తుంది. రెసిస్టర్ గుండా కెపాసిటర్‌లోకి ఛార్జి ఎక్కుతుంది. సరఫరా వోల్టేజిలో మూడింట రెండు వంతులకు చేరగానే అవుట్‌పుట్ పడిపోతుంది, కెపాసిటర్ ఖాళీ అవుతుంది. ఒక నొక్కుకు ఒకే పల్స్. అది సాగుతుండగా మళ్లీ నొక్కి వదిలినా వ్యవధి మారదు. రెసిస్టర్ ఆ సన్నని రంధ్రం, కెపాసిటర్ ఆ రాగి గిన్నె. ఇంతకన్నా చక్కని పోలిక నాకు దొరకలేదు.

మోనోస్టేబుల్‌కు పాఠ్యపుస్తకాల్లో ‘ఏకస్థిర’ అని రాస్తారు. తప్పు కాదు, కానీ పిల్లవాడికి బొమ్మ కట్టదు. మాస్టార్లూ, ముందు గడియ గిన్నె చూపించండి. లెక్క తర్వాత చెప్పొచ్చు: రెసిస్టెన్స్‌ను కెపాసిటెన్స్‌తో, ఆపైన 1.1తో గుణించాలి. లక్ష ఓమ్‌లు, 100 మైక్రోఫారడ్లు అయితే 11 సెకన్లు.