అల్లం ఘాటు, గోళీ సోడా

కాక్‌టెయిళ్ల గురించి రాసేవాళ్లు 'మాస్కో మ్యూల్' కథ చెప్పకుండా ఉండరు. 1941లో లాస్ ఏంజిలిస్‌లో జాక్ మోర్గన్ అనే బార్ యజమాని దగ్గర జింజర్ బీరు అమ్ముడుపోకుండా పేరుకుపోయింది. స్మిర్నాఫ్ వోడ్కా హక్కులు కొన్న కంపెనీ అధిపతి జాన్ మార్టిన్ సరుకూ కదలడం లేదు. ఆ రెండూ కలిపి, నిమ్మకాయ పిండి, రాగి కప్పుల్లో పోసి అమ్మారు. ఈ కథను ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. అందరూ ఒప్పుకునేది మాత్రం ఒకటే: అది మిగిలిపోయిన సరుకు వదిలించుకునే బేరం.

అనంతపురంలో ఈ కలిపే విద్య సోడా బండి వాళ్ల చేతిలో ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే సీమ ఇది. ఎండాకాలం బండి దగ్గర నిలబడి చూడండి. గ్లాసులో ఎర్రటి నన్నారి పాకం, నానిన సబ్జా గింజలు, సగం నిమ్మచెక్క, ఆపైన గోళీ సోడా. వేరు వాసన, తీపి, పులుపు, గ్యాసు అన్నీ ఉన్నాయి. లేనిది వోడ్కా ఒక్కటే. నగరాల్లో దీన్నే మాక్‌టెయిల్ అని నాలుగింతల ధరకు అమ్ముతారు. అసలైన నన్నారి వేరు శేషాచలం, నల్లమల కొండల్లో తవ్వి తేవాలి. తవ్వకం ఎక్కువై అదిప్పుడు అరుదైపోతోంది.

ఆ గోళీ సోడా సీసా మాత్రం ఇంగ్లండుది. 1872లో హైరమ్ కాడ్ దానికి పేటెంటు తీసుకున్నాడు. సీసాను తలకిందులు చేసి గ్యాసు నింపితే, ఆ ఒత్తిడికి గోళీ వెళ్లి మూతిలోని రబ్బరు రింగుకు అతుక్కుంటుంది. తాగేటప్పుడు అది అడ్డం పడకుండా మెడ దగ్గర నొక్కులుంటాయి. 1892లో విలియం పెయింటర్ రేకు మూత కనిపెట్టాక అక్కడ గోళీకి కాలం చెల్లింది. ఇక్కడ బతికిందంటే నాకు తోచే కారణం ఒక్కటే: చేత్తో తిప్పే మిషనుంటే చాలు, అదే సీసాను కడిగి ఊళ్లోనే మళ్లీ నింపుకోవచ్చు.

జింజర్ బీరంటే మొదట్లో అల్లం, చక్కెర, నీళ్లు కలిపి పులియబెట్టినదే. ఆ పులియడం వెనక ఈస్టూ బ్యాక్టీరియా కలిసి పనిచేస్తాయని 1892లో వృక్షశాస్త్రవేత్త మార్షల్ వార్డ్ రాశాడు. మన శ్రీరామనవమి పానకంలో శొంఠి, బెల్లం, మిరియాలు ఉన్నా పులియనివ్వం, ఆ పూటే తాగేస్తాం.

మత్తుతో అల్లానికి ఇక్కడున్న చుట్టరికం వేరు. 1937లో సేలం జిల్లాలో మొదలైన మద్యనిషేధం 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. అనంతపురం కూడా అందులోదే. కల్లు, సారా దుకాణాలు మూతపడ్డాక తాగుబోతుల చూపు మందుల షాపు మీద పడింది. కడుపు నొప్పికిచ్చే అల్లం టింక్చరులో ఆల్కహాలు దండిగా ఉంటుంది మరి! ఇలాంటి మందుల రవాణాను అదుపు చేయడానికి కేంద్రం 1955లో ఏకంగా చట్టమే తెచ్చింది. అమెరికాలోనూ నిషేధ కాలంలో ఇదే జరిగింది. 1930లో కల్తీ జమైకా జింజర్ తాగి వేలమందికి కాళ్లు చచ్చుబడ్డాయి.

నిషేధం ఇక్కడ ప్రభుత్వాన్నే పడగొట్టింది. 1954 నవంబరులో ఆ గొడవ మీదే ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. అందులో ఉపముఖ్యమంత్రి అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి. మళ్లీ 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం రెండేళ్లకే సడలింది.

ఇక అల్లం సోడాను ఇంట్లో కలుపుకోవాలంటే అల్లం దంచి రసం తీసి, బెల్లం పాకంలో కలిపి చల్లార్చండి. నిమ్మరసం పిండాక చల్లటి సోడాను చివర్లో గ్లాసు అంచు వెంట మెల్లగా పోయండి, గిలక్కొట్టకండి. పులియబెట్టి చూద్దామనిపిస్తే గాజు సీసా జోలికి పోవద్దు. నలభై డిగ్రీల వేడిలో గ్యాసు వేగంగా పుడుతుంది, బిగించిన సీసా పేలుతుంది. ప్లాస్టిక్ బాటిలైతే వేలితో నొక్కి చూడొచ్చు. గట్టిపడిందంటే వెంటనే మూత వదులు చేసి ఫ్రిజ్‌లో పెట్టండి.