ఉయ్యాల కొక్కేనికి సెలైన్ సీసా

తెల్లవారుజాము మూడు గంటలు. పెద్ద లైటు వెయ్యకండి, అమ్మకి ఇప్పుడే కునుకు పట్టింది. గోడ దగ్గర బెడ్‌లైటు ఉంది, ఆ వెలుగు చాలు. కాళ్లకి తగిలేవి ఈతచాపలు, పాత యోగా మ్యాట్లు, ఉతికి ఆరేసిన గోనెపట్టాలు. వాటి మీదే నడవండి. రోహిణి కార్తె కదా, పక్కనున్న మార్బుల్ మీద కాలు పెడితే హాయిగా ఉంటుందనిపిస్తుంది. పెట్టకండి. ఈ ఇంట్లో నున్నటి నేలని ఎవరూ నమ్మరు.

టక్... టక్... టక్. విన్నారా? చాపకీ చాపకీ మధ్య ఖాళీలో గోళ్ల చప్పుడు. హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా, అక్కణ్నుంచి పెరటి తలుపు దాకా, మళ్లీ హాల్లోకి. గంట నుంచీ ఇదే ప్రదక్షిణ. చప్పుడు వినపడుతున్నంతసేపూ మీరు పడుకోవచ్చు. ఆగితేనే లేవాలి.

ఆగింది.

బీరువాకీ గోడకీ మధ్య ఇరుకు సందు ఉంది చూడండి. అందులో తల దూర్చి నిలబడ్డాడు. ముందుకి దారి లేదు. వెనక్కి నడవచ్చన్న సంగతి వాడికి తోచడం లేదు. అరవడు, మూలగడు. ఎవరో ఒకరు వస్తారన్న ధీమాతో అలాగే నిలబడి ఉంటాడు. వెనక నుంచి వెళ్లి చటుక్కున ముట్టుకోకండి. చెవులు పనిచెయ్యవు, ఉలిక్కిపడి కరిచినా కరుస్తాడు. మడమతో నేల మీద రెండుసార్లు తట్టండి. ఆ అదురు వాడి పాదాలకి తెలుస్తుంది. అదిగో, తోక కదిలింది. ఇప్పుడు పక్క నుంచి చెయ్యి చాపి, ముందు వాసన చూడనిచ్చి, ఛాతీ కింద పట్టుకుని మెల్లగా తిప్పండి.

వీడి పేరు పుష్కరం. 2015 జులైలో గోదావరి పుష్కరాలప్పుడు కోటిలింగాల రేవు దగ్గర, మజ్జిగ ప్యాకెట్లు పంచే పందిరి కింద దొరికాడు. చెల్లి తువ్వాల్లో చుట్టి పట్టుకొచ్చింది. రెండ్రోజులు ఉంచుకుని ఎవరికైనా ఇచ్చేద్దాం అంది. ఇప్పుడది న్యూజెర్సీలో ఉంది, వీడు ఇక్కడున్నాడు.

రాజమండ్రిలో వయసులు లెక్కపెట్టుకోవడానికి క్యాలెండరు అక్కర్లేదు. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరికి పుష్కరాలు, పన్నెండేళ్లకోసారి. మళ్లీ 2027లో. పోయినసారి స్నానం చేసి రేవు మెట్లెక్కుతూ అమ్మ, "వచ్చే పుష్కరాలకి ఉంటానో ఉండనో" అంది. ఆ మెట్ల మీద ఆ వయసువాళ్లు అందరూ అనే మాటే. ఈమధ్య ఆ మాట మానేసింది. "వాడు చూస్తాడంటావురా?" అని అడుగుతోంది. 11 ఏళ్ల నాటుకుక్క, రెండు కిడ్నీలూ నీరసించాయి, వెనక కాళ్లలో కీళ్లరిగాయి. ఏం చెప్పను? "నువ్వు చూపిద్దువుగాని" అంటాను.

రాత్రి తిరుగుడు గురించి డాక్టరుగారు వివరంగానే చెప్పారు. మనుషుల్లో అల్జీమర్స్ వస్తే మెదడులో పేరుకునే బీటా ఎమిలాయిడ్ అనే ప్రొటీన్ ముసలి కుక్కల మెదడులోనూ పేరుకుంటుందట. అప్పుడు రాత్రీ పగలూ తారుమారవుతాయి, మూలల్లో ఇరుక్కుంటాయి, గోడ వంక చూస్తూ నిలబడిపోతాయి. దగ్గరికి వంగి కళ్లు చూడండి. ఆ నీలపు మసక శుక్లం కాదు. శుక్లమైతే తెల్లగా ఉంటుంది, చూపుని మూసేస్తుంది. ఇది వయసుతో కంటి కటకం గట్టిపడి వచ్చే మార్పు, చూపు పెద్దగా పోదు. ఆ సంగతి తెలిసిన సాయంత్రం ఆసుపత్రి నుంచి వస్తూ ఇంటిల్లిపాదికీ రోజ్‌మిల్క్ తెచ్చాను. రాని జబ్బు కోసం పండగ చేసుకున్నది మా ఇంట్లో అదే మొదలు.

సరే, పెరటి తలుపు గడియ తీయండి. మెట్లు మూడే గానీ వాడికి అవి కొండ. ఆ తువ్వాలు వాడి పొట్ట కింద నుంచి తీసి, రెండు కొసలూ పైకి పట్టుకోండి. బరువంతా మీరే ఎత్తెయ్యకూడదు, వెనక కాళ్లకి తోడుంటే చాలు. మిగతాది వాడే నడవాలి, నడుస్తాడు కూడా. జామచెట్టు మొదట్లో ఆగాడు. కాలెత్తే రోజులు పోయాయి, నడుం కాస్త వంచి నిలబడతాడు. కిడ్నీలు పాడైతే నీళ్లు ఎక్కువ తాగుతారు, ఎక్కువ పోస్తారు. అది తెలిసిందే. తెలియనిది ఒక్కటే, అసలు రాకపోతే ఎలా అన్నది. వచ్చింది. ఎంతసేపు వస్తోందో చూడండి, ధారగా. మీకు నవ్వొస్తుంది గానీ, చీకట్లో ఎవరూ చూడరు కాబట్టి నేను చేతులు జోడిస్తున్నాను.

బ్రిడ్జి మీద గూడ్సు పోతోంది. ఒకప్పుడు ఆ చప్పుడు సన్నగా వినపడితే చాలు, వీధంతా లేచేలా మొరిగేవాడు. టపాసులంటే మాత్రం ప్రాణభయం. ప్రతి దీపావళికీ మంచం కింద దూరి, మర్నాడు మధ్యాహ్నం దాకా వణుకుతూ ఉండేవాడు. నిరుడు పక్కింటి పిల్లలు మా గేటు ముందే వెయ్యివాలా కాల్చారు. వీడు వరండాలో వెల్లకిలా పడి నిద్రపోయాడు. చెవుడు వచ్చిందని ఎంత బాధపడ్డామో, ఆ రాత్రి అంతకంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. చెవుడు ఒక వరం అనేంత అమాయకుణ్ని కాను నేను. నా అడుగుల చప్పుడు కూడా అదే తీసుకుపోయింది కదా.

పడుకోబెట్టాం. తడిపిన గోనె మీద, కూలర్ గాలి తగిలేచోట. కుక్కకి మనలాగ ఒళ్లంతా చెమట పట్టదు, ఒగర్చుకునే వేడి పోగొట్టుకోవాలి. రోళ్లు పగిలే ఎండల్లో ముసలి గుండెకి ఆ ఒగర్పే పెద్ద పని. అందుకే నిద్ర పట్టాక డొక్కల మీద చెయ్యి పెట్టి ఊపిరులు లెక్కపెడతాం. నిమిషానికి 30 దాటకూడదు అన్నారు. మీరూ పెట్టండి చెయ్యి. 22. ఇక మనం పడుకోవచ్చు.

"ఆయ్, పుష్కరం గారు లేచారాండీ?"

పాలాయన. రోజూ అడుగుతాడు. కుర్రతనంలో అతని లుంగీ రెండుసార్లు చింపాడు వీడు. ఆ పాత పగ అతనికి గుర్తుంది, వీడికి లేదు. "లేచార్లెండి, కాఫీ తాగుతున్నారు" అంటుంది అమ్మ లోపలి నుంచి. అబద్ధం. వాడు ఇప్పుడే పడుకున్నాడు, మధ్యాహ్నం దాకా లేవడు.

అమ్మ దేవుడి గదిలోకి వెళ్లింది. మీరు గుమ్మం దగ్గరే నిలబడండి, వినపడుతుంది. వెనకటికి దీపం పెట్టాక ఆవిడ కోరికల చిట్టా చదివేది. నా ఉద్యోగం, చెల్లి గ్రీన్‌కార్డు, తన షుగరు, మేనమామ కోర్టు కేసు. అన్నీ వరసగా, బకాయిలు అడిగినట్టు. ఇప్పుడు వినండి. "రాత్రి ఒక్కసారే లేచాట్ట స్వామీ. సాఫీగానే వెళ్లాట్ట. నిన్న ఆరు ముద్దలు తిన్నాడు." అంతే, హారతి ఇచ్చి లేచింది. ఏమీ అడగలేదు. జరిగింది చెప్పి వచ్చేసింది. ఈ మార్పు ఆవిడకి తెలిసి వచ్చిందో తెలియక వచ్చిందో నేను అడగలేదు. అడిగితే మళ్లీ చిట్టా మొదలవుతుందేమోనని భయం.

ఆవిడ నడక చూడండి. గోడ పట్టుకుని, చాప మీద నుంచి చాప మీదకి. 76 ఏళ్లు. ఆమధ్య బాత్రూం గుమ్మంలో జారి మణికట్టు విరిగింది. అప్పుడు ఇల్లంతా మ్యాట్లు వేయిస్తానంటే గయ్యిమంది. "నేనేం ముసలిదాన్నా? చూసేవాళ్లు ఏమనుకుంటారు?" బెడ్‌లైటు పెడతానన్నా అంతే. "వెలుతుర్లో నాకు నిద్ర పట్టదు." తర్వాత ఒకరోజు పుష్కరం ఈ మార్బుల్ మీద నాలుగు కాళ్లూ నాలుగు వైపులకి జారిపోయి లేవలేక పడి ఉన్నాడు. ఆ సాయంత్రమే ఆవిడే నా వెంటపడింది. చాపలు వచ్చాయి, బెడ్‌లైటు వచ్చింది, బాత్రూం దగ్గర రబ్బరు పట్టా వచ్చింది, మెట్ల పక్కన పట్టుకోవడానికి ఇనప కడ్డీ కూడా వచ్చింది. కుక్కకి కడ్డీ ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అప్పట్నుంచి ఆవిడ పడలేదు. ఈ ఇంట్లో నేను ఎవరికైనా రుణపడి ఉన్నానంటే, బీరువా సందులో తల దూర్చి నిలబడే ఆ పెద్దమనిషికే.

వాడికో డబ్బా, ఆవిడకో డబ్బా. రెండూ స్టీలువే, వాడిదానికి ఎర్ర రబ్బరు బ్యాండు. రెండింట్లోనూ గాబాపెంటిన్ ఉంది. ఆవిడకి షుగరు వల్ల అరికాళ్ల మంటలకి, వాడికి కీళ్ల నొప్పికి. మోతాదులు వేరు, అందుకే రబ్బరు బ్యాండు. మామూలు నొప్పి మాత్రలు కిడ్నీలకి చేటు కాబట్టి వాడికి ఇది రాశారు. మన ఇళ్లలో బ్రూఫెన్ చేతికి దొరికేచోటే ఉంటుంది, కుంటుతున్న కుక్కని చూసి సగం ముక్క పెట్టేద్దామనిపిస్తుంది. అది కుక్క పేగులకీ కిడ్నీలకీ విషం లాంటిదని ఆసుపత్రి కాంపౌండరు వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు. మేకని పట్టుకొచ్చినవాళ్లకీ, పుంజుని చంకన పెట్టుకొచ్చినవాళ్లకీ కూడా చెబుతాడు.

మధ్యాహ్నం పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. నిద్ర.

మూడింటికి లేచాడు. వంటింట్లోకి రండి. ఆవకాయ కలుపుతున్నారు. ఆవపిండీ, నువ్వుల నూనే కలిసిన ఘాటు. చూశారా, కళ్లూ చెవులూ ఎటు పోయినా ముక్కు మాత్రం పాతికేళ్ల కుర్రాడిది. గాల్లోకి ఎత్తి, రంధ్రాలు పొంగించి, నేరుగా జాడీ దగ్గరికే వచ్చాడు. పెట్టకూడదు. ఉప్పూ, కారం అటుంచి, ఉల్లీ వెల్లుల్లీ కుక్క రక్తకణాల్ని విరగ్గొడతాయి. వాడి పళ్లెంలో ఉన్నది మెత్తగా పిసికిన అన్నం, సొరకాయ, కోడిగుడ్డు తెల్లసొన. పచ్చసొనలో ఫాస్ఫరస్ ఎక్కువ, కిడ్నీలు మొయ్యలేవు. పళ్లెం వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. అమ్మ చెయ్యి కడుక్కుని కింద కూర్చుంది, అంటే లేవడానికి మళ్లీ నేను కావాలి. ముద్ద చేసి చూపుడువేలి మీద నిలబెట్టింది. మమ్మల్ని పెంచిన ముద్దలివే. ఒకటి తిన్నాడు. రెండు. మూడోది నోట్లోనే పెట్టుకుని ఆలోచించాడు. "నాన్న కదూ, మింగు." మింగాడు. ఈ ఇంట్లో ఒకరికొకరు థాంక్స్ చెప్పుకోవడం ఎప్పుడూ లేదు. ఇప్పుడు ఆవిడ మాత్రం వాడికి చెబుతోంది, ఇంగ్లీషులో, ముద్దకొకటి.

మహాభారతంలో మొదట్లోనే ఒక కుక్క ఉంటుంది. తన పిల్లని అకారణంగా కొట్టారని దేవశుని సరమ వచ్చి జనమేజయుణ్ని నిలదీస్తుంది. నన్నయ్య ఆ కథ చెప్పాడు. చివర్లోనూ ఒక కుక్క, ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా. అది తిక్కన్న చేతిలో పడింది. గొప్ప కథే. కాకపోతే నాకొక అసూయ. ఆ కుక్క హిమాలయాల్లో సొంత కాళ్ల మీద నడిచింది. పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకోవాల్సిన పని ధర్మరాజుకి పడలేదు. దాన్ని వదిలి స్వర్గానికి రానన్నాడాయన, బాగుంది. అది మూడింటికి లేచి మూలలో ఇరుక్కుంటే ఏం చేసేవాడో వ్యాసుడు రాయలేదు.

ఆరవుతోంది. హాలు మధ్యలో దూలానికి ఆ కొక్కెం చూశారా? మా ఇద్దరి ఉయ్యాలలూ దానికే వేలాడాయి. తర్వాత చాలా ఏళ్లు ఖాళీగా ఉంది. ఇప్పుడు దానికి రింగర్స్ లాక్టేట్ సీసా తగిలిస్తాం. ముందు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచాలి, చల్లటి సెలైన్ ఒంట్లోకి పోతే ఒణికిపోతాడు. మీరు తల దగ్గర కూర్చుని గడ్డం కింద నిమరండి. నేను భుజాల మధ్య తోలు పైకి లాగి, ఆ గుడారంలోకి సూది దించుతాను. నరంలోకి కాదు, తోలు కిందకే. డాక్టరుగారు చేయించి చూసి, సరే అన్నాకే ఇంట్లో మొదలుపెట్టాం. గొట్టంలో బొట్లు పడుతున్నాయి. నెమ్మదిగా భుజాల మీద ఉబ్బెత్తుగా లేస్తోంది చూడండి, ఒంగోలు గిత్తకి మూపురంలాగ. రాత్రికి ఒంట్లోకి ఇంకిపోతుంది. ఒక్కోరోజు ఒక పక్కకి జారి, ముందు కాలు బూటు తొడుక్కున్నట్టు లావెక్కుతుంది. అప్పుడు అమ్మ నవ్వుతుంది, వాడు ఆవిడ వంక అనుమానంగా చూస్తాడు.

ఇది పట్టే కాసేపూ ఈ ఇంట్లో ఎవరూ ఏ పనీ చెయ్యరు. ఒక చెయ్యి సూది దగ్గర, ఒక చెయ్యి వాడి మీద. ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అమ్మ తనకి తెలిసిన సంగతులన్నీ అప్పుడే చెబుతుంది. నాన్న మొదటి జీతంతో ఏం కొన్నారో, ఈ దూలం టేకు ఏ వరదకి కొట్టుకొచ్చిందో, నేను ఉయ్యాల్లోంచి ఎలా కింద పడ్డానో. పుష్కరానికి సెలైన్ అవసరం రాకపోతే ఇవేవీ నాకు తెలిసేవి కావు.

ఆరున్నర. అదిగో ఫోను. అక్కడ పొద్దున్న తొమ్మిది. "ముందు వాణ్ని చూపించు" అంటోంది చెల్లి.

"నన్నడగవేమే? పొద్దుట్నుంచి మోకాలు సలుపుతోంది."

"చెప్పు, ఎలా ఉంది? వాడు రెంటికి వెళ్లాడా?"

"వెళ్లాడు. గట్టిగానే వచ్చింది." అమ్మ మొహం వెలిగిపోయింది, మోకాలు మరిచిపోయింది. ఫోను మూపురం మీద పెట్టి చూపించింది, తర్వాత పొరపాటున ఫ్యానుని చూపించింది. అవతల చెల్లి వాడి పేరు పెట్టి అరుస్తోంది. వాడికి వినపడదు. అయినా అరుస్తుంది.

సీసాలో గీత దాకా అయింది. సూది తీసి, దూదితో నొక్కి పట్టుకోండి. వాడు లేచి ఒళ్లు దులుపుకున్నాడు, మూపురం అటూ ఇటూ ఊగింది.

"ఒరేయ్," అంది అమ్మ ఫోను పెట్టేసి, "రేపు రైతుబజార్లో లేత సొరకాయ చూసి తే. గోరు గుచ్చితే దిగాలి. మొన్న తెచ్చింది ముదురుది, వాడు ఉమ్మేశాడు. మూడు రోజులు నేను తినాల్సొచ్చింది."