తెలుగు రచయిత్రుల నవలలు: విమర్శ, చలనచిత్రానుసరణము

1847లో షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’ నవలను కరర్ బెల్ అను మాఱుపేరు చాటున ప్రకటించినది. మేరీ ఆన్ ఎవాన్స్ జార్జి ఎలియట్ అను పురుషనామమును ధరించినది. నూఱేండ్లు దాటిన పిదప తెలుగునాట ఈ రీతి తలక్రిందులయ్యెను. 1960, 70 దశకములలో రచయిత్రుల ధారావాహికలకై పాఠకు లెంతగా ఎదురుచూచిరనగా, పురుషులే కొందఱు స్త్రీల పేర్లతో నవలలు వ్రాయసాగిరి. వారమువారము పత్రికలోని పుటలు చించి, దారముతో కుట్టి, అట్టవేసి దాచుకొనుట ఇంటింటి అలవాటు. అద్దెపుస్తకముల దుకాణములకు ఈ నవలలే ప్రాణము.

ఈ ధారకు ముందుగా నిలిచినది డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. తండ్రిని పోషించుచు ఉద్యోగము చేయు ఇందిర తన జీవితమును తానే నిర్ణయించుకొనును. రచయిత్రి ఆమెను దేవతను చేయలేదు, దోషిని చేయలేదు. ఆదుర్తి సుబ్బారావు ‘చదువుకున్న అమ్మాయిలు’ (1963) ఈ నవల నాధారము చేసికొన్నదే ఐనను, ఇందిరలోని పదును తెరకు ఎక్కలేదు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణము’ ‘డాక్టర్ చక్రవర్తి’గా (1964) మాఱి తొలి నంది బహుమానము నందుకొనగా, ఆమె ‘ప్రేమనగర్’ (1971) తమిళ, హిందీ భాషలకును ప్రాకినది. రంగనాయకమ్మ ‘బలిపీఠం’ 1975లో చిత్రమైనది.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ని విమర్శకులు పలువురు పగటికలయని తీసివేసిరి. అది తొందరపాటు తీర్పు. ధనికుడైన యజమాని ఎదుట తన జీతమును, అభిమానమును రెంటిని నిలుపుకొన జూచు జయంతి, తన యజమాని రాచెస్టరు ఇంట పాఠములు చెప్పు జేన్ ఐర్‌కు దూరపు చుట్టము కాదు. చదివిన యువతులు ఉద్యోగములకు బయలుదేఱుచున్న నాళ్ళలో ఆ ఆత్మాభిమానమే వారిని పట్టినది. కారును మేడయు కాదు.

మదరాసు స్టూడియోల కాలము గడచెను. ఇంటి కథలు ధారావాహికలుగా బుల్లితెరకు తరలినవి. ఐనను ఆ నవలలు వెండితెరను పూర్తిగా వీడలేదు. యద్దనపూడి ‘మీనా’ను 1973లో విజయనిర్మల, ఒక స్త్రీయే, దర్శకత్వము వహించి తెరకెక్కించినది. ఆ కథాఛాయలతోనే 2016లో ‘అ ఆ’ వచ్చినది. మూలరచయిత్రి పేరు తెరమీద కానరాకపోగా వివాదము రేగినది, చిత్రము విడుదలైన పిదపనే ఆ పేరు చేర్చబడినది.