మెయిన్ స్ట్రీట్ కార్యక్రమం

మెయిన్ స్ట్రీట్ కార్యక్రమం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని చిన్న నగరాలలో, పట్టణాలలో పాడుబడిన పాత వ్యాపార వీధులను, వాటి చారిత్రక కట్టడాలను కాపాడుకుంటూనే, తిరిగి జీవకళతో నింపడానికి ఏర్పడిన ఉద్యమం. 1977లో మూడు పట్టణాలలో ప్రయోగాత్మకంగా మొదలైన ఈ కార్యక్రమం 1980లో జాతీయస్థాయి సంస్థగా రూపుదిద్దుకొన్నది. దీనిని ప్రారంభించినది నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ. 2015 నుండి ఇది మెయిన్ స్ట్రీట్ అమెరికా అన్న పేరుతో వ్యవహరింపబడుతున్నది. ఇంతవరకు 2000కు పైగా పట్టణాలు, నగరభాగాలు ఇందులో ఏదో ఒక కాలంలో పాల్గొన్నాయి. ఇందులో ప్రభుత్వ పాత్ర, ధనసహాయం ఎంతగా ఉన్నా, ఊరిలోని పనిని నడిపించేది ముఖ్యంగా జీతం తీసుకోని స్థానిక కార్యకర్తలే. కార్యక్రమపు బలం, బలహీనత రెండూ ఈ విషయంలోనే ఉన్నాయి.

పేరు

అమెరికా పట్టణాలలో న్యాయస్థానం, బ్యాంకు, తపాలా కార్యాలయం, బట్టల కొట్లు, మందుల దుకాణం, సినిమాహాలు ఒకే చోట బారులు తీరి ఉండే నడిబజారును డౌన్‌టౌన్ అంటారు. అందులోని ప్రధాన వీధికి అనేక ఊళ్ళలో "మెయిన్ స్ట్రీట్" అన్నదే పేరు. మన పట్టణాలలో పెద్దబజారు అన్న మాట ఎటువంటిదో ఇదీ అటువంటిదే. వీధి పేరు వేరే ఉన్న పట్టణాలలో కూడా ఆ మాట వాడుకలో ఉన్నది. కాబట్టి కార్యక్రమానికి ఆ పేరే పెట్టారు.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత అమెరికాలో కార్ల వాడకం విపరీతంగా పెరిగి, కుటుంబాలు ఊరి వెలుపలి కొత్త కాలనీలకు తరలిపోయాయి. 1956 నాటి రహదారుల చట్టం దేశమంతటా 41,000 మైళ్ళ వేగమార్గాల నిర్మాణానికి దారి తీసింది. అదే సంవత్సరం మిన్నెసోటా రాష్ట్రంలోని ఇడైనాలో విక్టర్ గ్రూయెన్ రూపకల్పన చేసిన సౌత్‌డేల్ సెంటర్ ప్రారంభమైనది. పూర్తిగా పైకప్పుతో, లోపల వాతావరణ నియంత్రణతో కట్టిన మాల్‌లలో ఇది మొదటిదని చెబుతారు. విశాలమైన ఉచిత పార్కింగు స్థలం, ఒకే వేళలలో తెరిచి ఉండే దుకాణాలు, ఉమ్మడి ప్రకటనలు గల ఇటువంటి మాల్‌లతో నడిబజారు వ్యాపారులు పోటీపడలేకపోయారు.

నడిబజారును కాపాడడానికి అప్పట్లో జరిగిన ప్రయత్నాలు కొన్ని దానికి మరింత హాని చేశాయి. 1949 నాటి గృహనిర్మాణ చట్టం క్రింద వచ్చిన కేంద్ర నిధులతో అనేక నగరాలు పాత కట్టడాలను గుంపులు గుంపులుగా పడగొట్టాయి. కొత్త కట్టడాలు వస్తాయనుకున్న స్థలాలు చాలా చోట్ల వాహనాలు నిలిపే మైదానాలుగానే మిగిలిపోయాయి. 1959లో మిషిగన్‌లోని కలమజూ నగరం ప్రధాన వీధిలో వాహనాలను నిషేధించి పాదచారులకు విడిచిపెట్టింది. దానిని చూసి ఎన్నో పట్టణాలు అదే చేసి, గిరాకీ పెరగక, తరువాతి దశాబ్దాలలో వాహనాలను మళ్ళీ అనుమతించాయి. వ్యాపారులు కూడా మాల్‌ను పోలిన కొత్తదనం కోసం పాత ఇటుక గోడల ముందు అల్యూమినియం రేకులు బిగించారు. ఆ రేకుల వెనుక 19వ శతాబ్దపు కిటికీలు, కార్నీసులు పాడుకాకుండా దాగి ఉండడం తరువాతి కాలంలో కలిసివచ్చిన విషయం.

న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ పట్టణాన్ని ఈ కార్యక్రమానికి పూర్వరంగంగా చెప్పుకోవచ్చును. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుఫాను వల్ల వచ్చిన వరద అక్కడి మార్కెట్ స్ట్రీట్‌ను ముంచెత్తింది. పడగొట్టి కొత్తగా కట్టడానికి బదులు ఉన్న కట్టడాలనే బాగుచేయాలని నిశ్చయించి, 1974లో నార్మన్ మింట్జ్‌ను అందుకు నియమించారు. స్థానిక గాజు పరిశ్రమ అండ ఆ ఊరికి ఉన్నది. అటువంటి అండ లేని ఊళ్ళ సంగతి ఏమిటన్న ప్రశ్నకు సమాధానం వెదికినది మెయిన్ స్ట్రీట్ కార్యక్రమమే.

మూడు పట్టణాల ప్రయోగం

నేషనల్ ట్రస్ట్ మధ్య-పశ్చిమ ప్రాంతీయ కార్యాలయం షికాగోలో ఉండేది. దాని అధిపతి మేరీ మీన్స్ నాయకత్వంలో ఈ ప్రయోగం జరిగినది. దరఖాస్తు చేసుకున్న సుమారు 70 పట్టణాలలో ఇల్లినాయ్‌లోని గేల్స్‌బర్గ్, ఇండియానాలోని మాడిసన్, దక్షిణ డకోటాలోని హాట్ స్ప్రింగ్స్ ఎంపికైనాయి. పరిమాణంలోను, బ్రతుకుతెరువులోను ఈ మూడింటికీ పోలిక లేదు.

మాడిసన్ ఒహాయో నది ఒడ్డున 1809లో వెలసినది. 19వ శతాబ్దపు మధ్యకాలంలో పంది మాంసపు వ్యాపారంతో, పడవల రాకపోకలతో అది రాష్ట్రంలోని ముఖ్య పట్టణాలలో ఒకటిగా వెలిగింది. ఇండియానాలో తొలి రైలుమార్గం కూడా ఇక్కడినుండే మొదలైనది. తరువాత వేసిన ఇతర రైలుమార్గాలు ఈ ఊరిని తప్పించి వెళ్ళడంతో అభివృద్ధి ఆగిపోయింది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత లేకపోవడమే మాడిసన్ కట్టడాలను కాపాడినదని చరిత్రకారులు అంటారు. 1945లో అమెరికా పట్టణ జీవితాన్ని విదేశాలకు చూపడానికి జోసెఫ్ వాన్ స్టెర్న్‌బర్గ్ దర్శకత్వంలో ప్రభుత్వం "ది టౌన్" అనే చిన్న చిత్రాన్ని ఈ ఊరిలోనే తీసింది. 1960లో జాన్ విండిల్ చొరవతో హిస్టారిక్ మాడిసన్ అనే స్వచ్ఛంద సంస్థ ఏర్పడినది. అందువల్ల మెయిన్ స్ట్రీట్ ప్రయోగం వచ్చేనాటికే పాత ఇళ్ళ విలువ తెలిసిన పౌరులు అక్కడ ఉన్నారు. అయితే ఇళ్ళు నిలిచినా అంగళ్ళు నిలవలేదు. గుట్టమీది కొత్త రహదారి వెంట వెలసిన దుకాణాలు నదీతీరపు బజారు వ్యాపారాన్ని లాగివేస్తున్నాయి.

గేల్స్‌బర్గ్ రైల్వే కూడలి, నాక్స్ కళాశాల ఉన్న ఊరు, కవి కార్ల్ సాండ్‌బర్గ్ జన్మస్థలం. ఆ కవి పేరుతోనే 1970లలో ఊరి అంచున ఒక మాల్ వెలసి నడిబజారుకు పోటీ అయినది. చివరకు మూతపడినది ఆ మాలే కాగా, నడిబజారులోని సెమినరీ స్ట్రీట్‌లో బాగుచేసిన పాత కట్టడాలలో వ్యాపారాలు సాగుతున్నాయి. హాట్ స్ప్రింగ్స్ వేడినీటి ఊటల వలన యాత్రాస్థలంగా పెరిగిన కొండ పట్టణం. ఇది మూడింటిలోకీ చిన్నది. అక్కడి స్థానిక ఇసుకరాతితో కట్టిన భవనాలే దాని ఆస్తి.

ప్రతి ఊరికీ ఒక నిర్వాహకుణ్ణి నియమించడం ఈ ప్రయోగంలో ముఖ్యాంశం. ఈ ఆలోచన ప్రత్యర్థి నుండే తెచ్చుకున్నది. మాల్‌కు యజమాని ఒకరు, నిర్వాహకుడు ఒకరు. నడిబజారులోనైతే పదుల సంఖ్యలో యజమానులు, ఎవరి దారి వారిది. అందరినీ ఒకచోట కూర్చోబెట్టే బాధ్యతగల వ్యక్తి ఉంటే సగం చిక్కు తీరుతుందని మీన్స్ బృందం భావించింది. మూడేళ్ళ ప్రయోగం ముగిశాక, 1980లో నేషనల్ మెయిన్ స్ట్రీట్ సెంటర్ స్థాపించబడినది. మొదటి విడతలో కొలరాడో, జార్జియా, మసాచుసెట్స్, ఉత్తర కరొలినా, పెన్సిల్వేనియా, టెక్సస్ రాష్ట్రాలను చేర్చుకున్నారు. ఉత్తర కరొలినాలో న్యూ బెర్న్, సాల్స్‌బరీ, షెల్బీ, టార్‌బరో, వాషింగ్టన్ అనే అయిదు పట్టణాలతో పని మొదలైనది.

నాలుగు అంశాల పద్ధతి

వ్యవస్థీకరణ, ప్రచారం, రూపకల్పన, ఆర్థిక పునర్నిర్మాణం అన్న నాలుగింటినీ కలిపి నడపాలన్నది ఈ పద్ధతి సారాంశం. నాలుగవదానిని ఇటీవలి కాలంలో ఆర్థిక చైతన్యం అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తున్నారు. ఒక పెద్ద నిర్మాణంతో ఊరి తలరాత మారదనీ, చిన్న చిన్న పనులు వరుసగా చేస్తూ పోవాలనీ ఈ పద్ధతి చెబుతుంది.

రూపకల్పనలో కట్టడాల ముఖభాగాలపై ఎక్కువ శ్రద్ధ పెడతారు. పాత ఇటుకలను ఇసుక పిచికారీతో శుభ్రం చేయరాదన్నది ఇందులో తొలిపాఠం. కాల్చిన ఇటుక పైపొర గట్టిగా ఉంటుంది. అది లేచిపోతే లోపలి మెత్తని భాగం నీటిని పీల్చుకొని త్వరగా చెడిపోతుంది. రేకులు విప్పడం, పాత ఫొటోలను చూసి కిటికీలను పూర్వరూపానికి తేవడం, నామఫలకాలను కట్టడానికి తగిన కొలతలో అమర్చడం వంటివి తక్కువ ఖర్చుతో ఎక్కువ మార్పు చూపే పనులు. యజమానులు ముందుకు రావడానికి స్థానిక బ్యాంకులు కలిసి తక్కువ వడ్డీ అప్పులు ఇవ్వడం కద్దు. గుర్తింపు పొందిన చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఖర్చులో 20 శాతం మేరకు కేంద్ర ఆదాయపు పన్నులో తగ్గింపు లభిస్తుంది. 2017 నాటి పన్ను చట్టం ఈ తగ్గింపును ఒకేసారి కాక 5 సంవత్సరాలలో పొందేటట్లు మార్చినది. చిన్న యజమానులకు ఇది కొంత ఇబ్బందే.

అన్నింటికన్నా కష్టమైనది ఆర్థిక విభాగం. ఖాళీ దుకాణాల జాబితా తయారు చేయాలి, ఊరి జనం ఏ వస్తువులకోసం పొరుగూరికి వెళుతున్నారో తెలుసుకోవాలి, దానినిబట్టి కొత్త వ్యాపారులను వెదకాలి. దుకాణాల పై అంతస్తులు దశాబ్దాలుగా ఖాళీగా పడి ఉండడం ఈ పట్టణాలన్నింటిలో కనబడే సమస్య. వాటిని నివాసాలుగా మారిస్తే సాయంత్రం వేళ కూడా వీధిలో మనుషులు ఉంటారు. కాని అగ్నిప్రమాద నిబంధనల కోసం రెండవ మెట్లదారి కట్టాలంటే ఇరుకైన కట్టడాలలో స్థలం ఉండదు, ఖర్చు భరించలేరు.

స్వచ్ఛంద కార్యకర్తల పాత్ర

ప్రతి పట్టణంలోను ఒక పాలకమండలి, పైన చెప్పిన నాలుగు అంశాలకు నాలుగు కమిటీలు ఉండడం ఆనవాయితీ. దుకాణదారులు, బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, వాస్తుశిల్పులు, పదవీ విరమణ చేసినవారు వీటిలో సభ్యులు. వీరికి జీతభత్యాలు లేవు. జీతం పుచ్చుకునేది నిర్వాహకుడు ఒక్కడే. చాలాకాలం అమలులో ఉన్న ప్రమాణాల ప్రకారం 5,000 కన్నా తక్కువ జనాభా గల ఊళ్ళలో ఆ ఒక్కరు కూడా పూటపని ఉద్యోగి అయితే చాలు. నిర్వాహకుడే అన్ని పనులూ నెత్తిన వేసుకుంటే, అతడు ఊరు విడిచిన నాడు కార్యక్రమం కుప్పకూలుతుంది. అందుచేత పని కార్యకర్తలది, సమన్వయం నిర్వాహకునిది అన్న విభజనను శిక్షణలో పదే పదే నొక్కి చెబుతారు.

నాయకత్వం వహించే కార్యకర్తకు కావలసిన గుణాలలో ముఖ్యమైనది ఓర్పు. చట్టం ద్వారా లభించిన అధికారమేదీ అతనికి ఉండదు. పక్క దుకాణం యజమాని రేకులు విప్పనంటే బలవంతపెట్టలేడు, ఒప్పించాలి. పది గంటలకు తెరిచి అయిదింటికి మూసే అలవాటును మార్చుకోమని చెప్పడం కూడా అటువంటిదే. ఉద్యోగస్తులు పనినుండి బయటపడే వేళకు కొట్లు మూసి ఉంటే గిరాకీ మాల్‌కు పోక ఏమి చేస్తుంది? ఇటువంటి మాటలు బయటి నిపుణులు చెప్పినప్పటికన్నా, రోజూ ఎదురుపడే పొరుగువాడు చెప్పినప్పుడు ఎక్కువ పనిచేస్తాయి. మరొక వైపు, అదే పొరుగుతనం వలన పాత కక్షలు, వ్యాపార పోటీలు కమిటీలలోకి కూడా వస్తాయి. పాలకమండలి సభ్యుడే వీధిలోని కట్టడాలకు యజమాని అయినపుడు సొంత లాభం ప్రశ్న తలెత్తుతుంది. అటువంటి నిర్ణయాల నుండి సదరు సభ్యుడు తప్పుకోవాలన్న నియమం పెట్టుకుంటారు.

కార్యకర్తలు పనిచేసిన గంటలను లెక్కగట్టి నమోదు చేయడం ఈ కార్యక్రమంలోని మరో విశేషం. గంటకు ఇంత అని డాలర్లలో విలువ కట్టి, నగరపాలక సంస్థకు నిధులకై విన్నవించేటప్పుడు ఊరి వాటాగా చూపుతారు.

విమర్శలు, పరిమితులు

సంస్థ సేకరించిన లెక్కల ప్రకారం 1980 తరువాత ఈ పట్టణాలలో 10,000 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి వచ్చింది. అయితే ఈ లెక్కలు ఆయా పట్టణాలు స్వయంగా పంపినవి. కార్యక్రమం లేకపోయినా అందులో ఎంత వచ్చి ఉండేదో వీటినుండి తెలియదు.

2004లో పట్టణ అధ్యయనకారుడు కెంట్ రాబర్ట్‌సన్ ప్రచురించిన పరిశీలనలో, నాలుగు అంశాలలో ప్రచారం ఎక్కువగాను, ఆర్థిక పునర్నిర్మాణం తక్కువగాను అమలవుతున్నట్లు తేలినది. ఇందుకు కారణం ఊహించడం కష్టం కాదు. వీధి ఉత్సవం జరపడానికి పదిమంది ఉత్సాహవంతులు చాలు, ఫలితం అదే రోజు కంటికి కనబడుతుంది. ఖాళీ కట్టడానికి కొత్త వ్యాపారం తేవడానికి ఏళ్ళు పడుతుంది, చప్పట్లు కొట్టేవారు ఉండరు.

చందా ఇవ్వని దుకాణాలు కూడా వీధి బాగుపడితే లాభం పొందుతాయి. ఇచ్చేవారికి ఇది కంటగింపు. ఈ చిక్కు తప్పించడానికి కొన్ని నగరాలు వ్యాపార అభివృద్ధి మండలాలను ఏర్పరచి ఆస్తి యజమానులందరి నుండి తప్పనిసరి రుసుము వసూలు చేస్తున్నాయి. వీధి బాగుపడిన చోట అద్దెలు పెరిగి, కష్టకాలంలో అక్కడే నిలిచిన చిన్న వ్యాపారులు ఖాళీ చేయవలసి రావడం మరో విమర్శ. కార్యకర్తల అలసట అన్నింటికన్నా సాధారణమైనది. అవే అయిదారుగురు ప్రతి కమిటీలోను కనబడడం, వారు వయసు మళ్ళాక వారి స్థానంలోకి యువకులు రాకపోవడం వల్ల కొన్ని పట్టణాలు కార్యక్రమం నుండి తప్పుకున్నాయి.

ఊరి పెద్ద పరిశ్రమ మూతపడితే నడిబజారు కార్యకర్తలు చేయగలిగినది పరిమితమే. గేల్స్‌బర్గ్‌లో మేటాగ్ శీతలయంత్రాల కర్మాగారం 2004లో మూతపడి సుమారు 1,600 ఉద్యోగాలు పోయాయి.

తరువాతి పరిణామాలు

1995 నుండి ఉత్తమ పట్టణాలకు గ్రేట్ అమెరికన్ మెయిన్ స్ట్రీట్ అవార్డు ఇస్తున్నారు. ఐయోవాలోని డుబ్యూక్, టెనెసీలోని ఫ్రాంక్లిన్ తొలి సంవత్సరం ఈ బహుమతి పొందినవాటిలో ఉన్నాయి. 2013లో మెయిన్ స్ట్రీట్ సెంటర్ నేషనల్ ట్రస్ట్‌కు అనుబంధంగా ప్రత్యేక సంస్థ అయినది. మాడిసన్ చారిత్రక ప్రాంతం 2006లో జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించబడినది. ఇందులో 133 వీధి విభాగాలు ఉన్నాయి. 2009 మే 20న, మరమ్మతులు జరుగుతుండగా అక్కడి జెఫర్సన్ కౌంటీ న్యాయస్థానం గోపురం అగ్నికి ఆహుతి అయినది. గోడలు మిగలడంతో కట్టడాన్ని పడగొట్టక తిరిగి పునరుద్ధరించారు.

కెనడాలో హెరిటేజ్ కెనడా సంస్థ ఇదే తరహా పనిని ఆంటారియోలోని పెర్త్ పట్టణంతో మొదలుపెట్టినది.