పాత డీజిల్ జీపులో వాడిన వంటనూనె, కానుగ నూనె పోయొచ్చా?

డీజిల్ ధర లీటరు వంద రూపాయలకు దగ్గర్లో ఉన్నప్పుడు, మిర్చి బజ్జీల బండి దగ్గర నల్లబడిన నూనె డబ్బాలు చూసిన జీపు యజమానికి ఒక ఆలోచన రావడం సహజం. ఇంట్లో కానుగ చెట్లున్న రైతుకు గింజలు ఏరేటప్పుడు కూడా అదే ఆలోచన వస్తుంది. దీనికి సూటి జవాబు: కొన్ని పాత ఇంజన్లలో పోయొచ్చు. అయితే నూనెను శుభ్రం చేసి, నీరు తీసి, వేడి చేసి లేదా డీజిల్‌లో తక్కువ పాళ్లలో కలిపి మాత్రమే పోయాలి. కొత్త ఇంజన్లలో అసలు పోయకూడదు.

1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. కాబట్టి నూనెతో డీజిల్ ఇంజన్ నడుస్తుందా అన్నది పాత ప్రశ్నే. (ఇవాళ వేరుశనగ నూనె ధరకు ఆ పని చేసే రైతు ఎవరూ ఉండరు.) అసలు ఇబ్బంది ఎన్నాళ్లు నడుస్తుందన్న దగ్గర వస్తుంది. నూనె పోసిన మొదటి రోజు ఇంజన్ చక్కగా తిరుగుతుంది, పొగ కూడా తగ్గినట్టు అనిపిస్తుంది. దెబ్బ కొన్ని నెలల తర్వాత పంపులో, ఇంజెక్టర్లలో, ఇంజన్ ఆయిల్‌లో బయటపడుతుంది.

ముందుగా మీ బండి పంపు చూడండి

కారు పేరు చూసి తేల్చకండి. బానెట్ ఎత్తి ఇంజెక్షన్ పంపు చూడండి. పొడవాటి పెట్టెలా ఉండి, పైనుంచి వరుసగా నాలుగు ఇనుప పైపులు బయటకు వస్తుంటే అది ఇన్‌లైన్ పంపు. దాని లోపలి క్యామ్ షాఫ్టుకు ఇంజన్ ఆయిల్‌తోనే కందెన అందుతుంది కాబట్టి కొంచెం చిక్కటి ఇంధనాన్ని తట్టుకుంటుంది. గుండ్రంగా ఉండి, పైపులు ఒక చక్రం చుట్టూ బయటకు వస్తుంటే అది రోటరీ పంపు. దానికి ఇంధనమే కందెన. చల్లటి ఉదయం చిక్కటి నూనెతో స్టార్ట్ చేస్తే లోపలి భాగాలు పట్టేసి షాఫ్టు విరిగే ప్రమాదం ఉంది. రోటరీ పంపు ఉన్న బండిలో నేరుగా నూనె పోయడం మానుకోండి.

ఇంజెక్టరు నేరుగా సిలిండర్‌లోకి కొట్టకుండా పక్కనున్న చిన్న గదిలోకి కొట్టే పాత ఇంజన్లు నూనెను మెరుగ్గా కాలుస్తాయి. పాత డీజిల్ అంబాసిడర్ ఈ రకమే. ఇలాంటి పాత ఇంజన్లలో ఇంజెక్టరు సుమారు 120 నుంచి 250 బార్ల ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో ఒత్తిడి 1,000 బార్లు దాటుతుంది, చాలా వాటిలో 1,600 పైనే. అంత సన్నని రంధ్రాల్లో నూనె మడ్డి చేరితే ఇంజెక్టర్ల ఖర్చే బండి విలువలో మంచి వాటా అవుతుంది. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు కఠినమైన పొగ నిబంధనలు వచ్చాయి. వాటి కోసం కామన్ రైల్ ఇంజన్లు వాడుతున్నారు కాబట్టి, మీది కొత్త పెద్ద ట్రాక్టరైతే ఈ వ్యాసంలో చెప్పేది మీకు వర్తించదు.

నూనె ఎందుకు ఇబ్బంది పెడుతుంది?

40 డిగ్రీల వేడిలో డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోకులు ఉంటుంది. అదే వేడిలో మామూలు వంటనూనె 30 నుంచి 40 మధ్య ఉంటుంది, అంటే దాదాపు పది రెట్లు. ఇంజెక్టరు దాన్ని పొగమంచులా చిమ్మలేక తుంపరలుగా వదులుతుంది. సరిగా కాలని నూనె పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. అక్కడ వేడికి నెమ్మదిగా జిగురులా మారుతుంది. ఇంజన్లు సీజ్ అవడానికి పెద్ద కారణం ఇదే.

ఈ జిగురు గుణం అన్ని నూనెల్లో సమానంగా ఉండదు. పొద్దుతిరుగుడు, సోయా నూనెలు త్వరగా జిగురవుతాయి. వేరుశనగ, కానుగ అంతకంటే నయం. పామాయిల్ ఇంకా నయమే కానీ చలికాలం తెల్లవారుజామున డబ్బాలో గడ్డకడుతుంది. మన బజ్జీల బండ్ల దగ్గర దొరికేది ఎక్కువగా పామాయిలే కాబట్టి సంక్రాంతి రోజుల్లో ఈ ఇబ్బంది తప్పదు. ఆముదం దగ్గరకే వెళ్లకండి. అది మిగతా నూనెల కంటే చాలా రెట్లు చిక్కన.

శుభ్రం చేసే పద్ధతి

వాడిన నూనెలో మూడు శత్రువులుంటాయి: పిండి ముక్కలు, నీరు, ఉప్పు. ఉప్పు నీటిలో కరిగి ఉంటుంది కాబట్టి నీరు పోతే అదీ చాలావరకు పోతుంది. డబ్బాలు తెచ్చిన వెంటనే పాత గుడ్డతో వడకట్టి, మూత ఉన్న డ్రమ్ములో రెండు వారాలు కదపకుండా ఉంచండి. మడ్డి అడుగుకు దిగుతుంది. పైనుంచి మాత్రమే తోడుకోండి. అడుగున మిగిలే పది పదిహేను శాతాన్ని ఆశపడి కలపకండి.

తోడిన నూనెను 60 డిగ్రీల వరకు వేడి చేసి ఒక రోజు నిలవ ఉంచితే మిగిలిన నీరు కిందికి చేరుతుంది. దాన్ని అడుగు కుళాయి నుంచి వదిలేయండి. పరీక్ష సులువు: ఎండిన గరిటెలో కొద్దిగా నూనె తీసుకుని స్టవ్ మీద బాగా వేడి చేయండి. తాలింపులో తడి కరివేపాకు పడ్డట్టు చిటపటమంటే ఇంకా నీరుంది. శబ్దం రాకపోతే 10 మైక్రాన్ల ఫిల్టరులో, తర్వాత 5 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టండి. వేడి నూనెకు ప్లాస్టిక్ డ్రమ్ము వాడొద్దు. రాగి, ఇత్తడి పైపులు నూనె జిగురవడాన్ని వేగం చేస్తాయి, కాబట్టి ఇనుము లేదా అల్యూమినియం వాడండి.

ఎలా నడపాలి?

చిన్నపాటి వాడకానికి ఒకే ట్యాంకులో డీజిల్ 80 పాళ్లు, శుభ్రం చేసిన నూనె 20 పాళ్లు కలపడం సురక్షితమైన హద్దు. అంతకు మించాలంటే రెండో ట్యాంకు, రేడియేటర్ నీటి వేడితో నూనెను 70 డిగ్రీలకు తెచ్చే హీటరు కావాలి. డీజిల్‌తో స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాక నూనెకు మార్చాలి. ఆపే ముందు ఐదు నిమిషాలు మళ్లీ డీజిల్‌తో నడిపి పైపులు కడగాలి. ఇది మరిచిపోయిన రోజు మరుసటి ఉదయం బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంది.

రోడ్డు బండి విషయంలో ఇంకో చిక్కు ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. రెండో ట్యాంకు బిగించే ముందు ఆర్టీవో కార్యాలయంలో, బీమా ఏజెంటు దగ్గర అడగండి.

నిజానికి నూనె వాడకానికి జీపు కంటే పొలం గట్టున ఉండే ఇంజనే అనువైనది. ఆదిలాబాద్ జిల్లా చల్పడి గూడెంలో 2000 తర్వాతి తొలి ఏళ్లలో కానుగ నూనెతో జనరేటరు నడిపి ఇళ్లకు దీపాలు వెలిగించారు. జనరేటరు, నీటి పంపు ఒకే వేగంతో, నిండు లోడుతో గంటల తరబడి నడుస్తాయి. ఇంజన్ వేడిగా ఉంటుంది, నూనె బాగా కాలుతుంది. పాలు పోయడానికి రెండు కిలోమీటర్లు వెళ్లి ఆగే జీపులో ఇంజన్ వేడెక్కే లోపే ప్రయాణం అయిపోతుంది. అలాంటి బండికి డీజిలే మేలు.

లెక్క వేసుకోండి

వాడిన నూనె లీటరు 60 రూపాయలకు దొరికిందనుకోండి. వంద లీటర్లకు 6,000 రూపాయలు. మడ్డి, నీరు పోగా 85 లీటర్లు మిగిలితే లీటరు 70 రూపాయలు దాటింది. నూనెలో శక్తి డీజిల్ కంటే తక్కువ కాబట్టి మైలేజీ ఓ ఏడు శాతం తగ్గిందనుకుంటే, అసలు ధర 76 రూపాయలు. డీజిల్ 96 అయితే మిగిలేది లీటరుకు 20. నెలకు 50 లీటర్లు నూనె కాలిస్తే 1,000 రూపాయలు. ఇందులోంచి ఫిల్టర్లు, రెట్టింపు సార్లు మార్చే ఇంజన్ ఆయిల్, మీ శ్రమ తీసేయండి. పంపు ఒక్కసారి విప్పించాల్సి వస్తే ఆ ఏడాది ఆదా అంతా మెకానిక్ షెడ్డులోనే దిగిపోతుంది. నూనె ఉచితంగానో, నామమాత్రపు ధరకో దొరికితేనే ఈ పని చేయండి. హోటళ్ల వాడిన నూనెను సేకరించి బయోడీజిల్ చేయించేందుకు ఆహార భద్రతా సంస్థ 2018లో రూకో అనే కార్యక్రమం పెట్టింది. అప్పటినుంచి పెద్ద హోటళ్ల నూనెకు కొనుగోలుదారులు వస్తున్నారు కాబట్టి ఉచితం అన్నది తగ్గిపోయింది.

బయోడీజిల్ సంగతి

నూనెకు మిథనాల్, కాస్టిక్ సోడా కలిపి గ్లిజరిన్ వేరు చేస్తే వచ్చేది బయోడీజిల్. దీని చిక్కదనం డీజిల్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి పాత ఇంజన్లకు నేరుగా పోసే నూనె కంటే ఇదే మంచిది. కానుగ నూనెలో ఆమ్లం ఎక్కువ కాబట్టి రెండు దశల్లో చేయాలి. ఇంట్లో చేయకండి: మిథనాల్ విషం, దాని మంట పగటి వెలుతురులో కళ్లకు సరిగా కనబడదు. అనుమతి ఉన్న విక్రేత దగ్గర ఐఎస్ 15607 ప్రమాణం ఉన్నదే కొనండి. రోడ్డు పక్కన ‘బయోడీజిల్’ బోర్డు పెట్టి చవగ్గా అమ్మేది వేరే పారిశ్రామిక నూనె అయ్యే అవకాశం ఉంది, బిల్లు ఇవ్వకపోతే వదిలేయండి. బయోడీజిల్ ట్యాంకులోని పాత తుప్పును, మడ్డిని కదిలిస్తుంది. అందుకే మొదటి రెండు ట్యాంకుల తర్వాత ఫిల్టరు మార్చాలి. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి, వాటినీ చూసుకోండి.

గ్యారేజీల్లో తీసేసిన నల్లటి ఇంజన్ ఆయిల్, టైర్లు కాల్చి తీసే నూనె పోయకండి. మొదటిదానిలో లోహపు పొడి, బూడిద ఉంటాయి, రెండోదానిలో గంధకం ఎక్కువ. నూనెను పల్చన చేయడానికి పెట్రోలు కలపడం కూడా వద్దు, ట్యాంకులో అంటుకునే ప్రమాదం పెరుగుతుంది.

నూనె వాడడం మొదలుపెట్టాక వారానికోసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మట్టం పెరుగుతుంటే ఇంధనం కిందికి జారుతోందని అర్థం. వేళ్ల మధ్య రుద్దితే తీగలా సాగుతుంటే ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఆయిల్ దించేసి, డీజిల్‌కు మారి, మెకానిక్‌తో ఇంజెక్టర్లు పరీక్ష చేయించండి.